కండ్లు కడిగే పండుగ

మా అమ్మకు దేవుళ్ల దగ్గర మొహమాటం ఎక్కువ. గుడికి పోతే దండం పెట్టి వచ్చేస్తుంది. నాకిది కావాలి, నాకది కావాలి అని అడగదు. అడిగేదేమన్నా ఉంటే పామునే అడుగుతుంది. పాము అనే మాట కూడా ఆమె నోట రాదు. నాగన్న అంటుంది, ఊళ్లో ఒక పెద్దమనిషి పేరు చెప్పినట్టు.

నేను సిద్దిపేటలో ఒక బడిలో సైన్సు చెప్తాను. పాములు పాలు తాగవని పగలంతా పిల్లలకు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి అదే పాఠం అమ్మకూ చెప్పేదాన్ని. నా నోరు ఊరుకోదు. ఆమె విన్నట్టే ఉండేది కాదు. ఒకసారి చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తింది.

"తాగకపోతే తాగకపోనియ్యి. నేనేమన్న గాయిన కడుపు నింపుతున్ననా? నా తమ్ముని కండ్ల కోసం పోస్తున్న."

ఆ తర్వాత కూడా నేను చెప్పడం మానలేదు. గొంతు మాత్రం కొంచెం తగ్గించాను.

మా వైపు శ్రావణంలో నాగుల పంచమి వస్తే ఆడపడుచులు పుట్టింటికి పోతారు. పుట్టలో పాలు పోస్తారు. చెంబులో కొన్ని పాలు మిగుల్చుకొని, వాటితో అన్నదమ్ముల కండ్లు కడుగుతారు, వాళ్ల చూపు చల్లగా ఉండాలని. క్యాలెండర్‌లో ఏ పేరు రాసి ఉన్నా మా ఇంట్లో అది కండ్లు కడిగే పండుగే.

మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నతనంలో అమ్మవారు పోసి మంచాన పడ్డాడట. కండ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. మళ్లీ తెరుచుకుంటాయన్న ఆశ ఇంట్లో ఎవరికీ లేదట. అప్పుడు మా అమ్మమ్మ చేనుగట్టు మీదున్న పుట్ట దగ్గరికి పోయి, నా కొడుకు కండ్లు తెరిస్తే ఏటేటా నా బిడ్డతో పాలు పోయిస్తా, ఆ పాలతోనే వాని కండ్లు కడిగిస్తా అని మొక్కింది. కండ్లు తెరుచుకున్నాయి. మొక్కింది అమ్మమ్మ, తీర్చే పని మా అమ్మ నెత్తిన పడింది. ఆమె దాన్ని ఎన్నడూ బరువనుకోలేదు. పెండ్లయిన కొత్తలో మా నాయనమ్మ వద్దన్నా పోయిందట. నేను కడుపులో ఉన్న ఏడు కోహెడ బస్సు దొరక్కపోతే, పాలచెంబు ఒళ్లో పెట్టుకుని ఎవరిదో ట్రాక్టర్ ఎక్కి మరీ పోయిందట. ఆ కుదుపులకే నేను ఇంత పెంకిగా పుట్టానని ఇప్పటికీ అంటుంది.

నాకు గుర్తున్న పంచములన్నీ వాన తడితో మొదలవుతాయి. మామ వాళ్ల ఊరు కోహెడ అవతల. బస్సు దిగి చేనుగట్ల వెంట నడిచేవాళ్లం. చెప్పులకు మట్టి పట్టి కాళ్లు లేచేవి కావు. అటూ ఇటూ మోకాలెత్తు పత్తి మొక్కలు. అమ్మ ముందు నడిచేది, చెంబు మీద కొంగు కప్పుకుని. ఆ రోజు పొయ్యి మీద పెంక పెట్టకూడదు, కత్తిపీట ముట్టకూడదు, భూమిలో గడ్డపార దించకూడదు. నాగన్నకు ఎక్కడ తగులుతుందో అని భయం. కాబట్టి మాకు రొట్టె లేదు, కూర లేదు. నానబెట్టిన పెసర్లు, చలిమిడి, నువ్వుల ముద్దలు. పొద్దున సంబరంగానే ఉండేది, మధ్యాహ్నానికి కడుపు కాలేది. రేపు పొద్దున అమ్మమ్మ చేసే జొన్నరొట్టె గురించి పిల్లలమంతా కూర్చుని మాట్లాడుకునేవాళ్లం.

పుట్ట అప్పట్లో నాకంటే ఎత్తు. అమ్మ దూరంగానే చెప్పులు విడిచి, పసుపు కుంకుమ చల్లి, నూలుపోగు చుట్టి, వంగి పాలు పోసేది. పోస్తూ చిన్న గొంతుతో అనేది, "నాగన్నా, నీ జోలికి మేం రాము, మా జోలికి నువ్వు రాకు. నా తమ్ముని కండ్లు నీ చేతుల పెట్టిన." పాముకు చేతులెక్కడివని నేను అడిగితే, అమ్మమ్మ నా నెత్తి మీద ఒకటి మొట్టింది. సైన్సు కోసం నేను తిన్న మొదటి దెబ్బ అదే.

తర్వాత ఇంటి వాకిట్లో మామను పీట మీద కూర్చోబెట్టేవారు. అమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, బొటనవేలు పాలలో ముంచి, ముక్కు దగ్గర నుంచి చెవి వైపు రెప్పల మీద మెల్లగా రాసేది. అన్నిసార్లూ ఒకటే మాట, "కండ్లు సల్లగుండాలె తమ్మీ." మామ ముఖం ముడుచుకునేవాడు. పాలు మీసాల్లోకి కారేవి.

"కండ్లు కడుగుమంటే తానం చేయిస్తున్నవేందక్కా? ముందుగాల చెప్తే సబ్బు తెచ్చుకుందును గద."

"నోర్మూసుకో. నోట్లకు పోతయి."

ఈ మాటలు ఏటేటా ఇవే. ఏటేటా మేం నవ్వేవాళ్లం.

అదే ఇంట్లో ఒకసారి పశువుల కొట్టంలో నిజంగానే నాగుపాము కనబడింది. గడ్డివాము పక్కన పడగ ఎత్తి ఉంది. మామ కర్ర పట్టుకుని నిలబడ్డాడు గానీ ఎత్తలేదు. అమ్మమ్మ ఊదుబత్తి వెలిగించి గడప దగ్గర గుచ్చి, చేతులు జోడించి, "పో నాయినా, పిల్లలున్నరు, జెర పక్కకు పో" అంది. పాము కొంతసేపు ఉండి, గోడ వెంట బయటికి పోయింది. పొగకు పోయిందో, మా అడుగుల అదురుకు పోయిందో, ఇప్పుడైతే నేను కారణాలు చెప్పగలను. ఆ రోజు మాత్రం అమ్మమ్మ మాట విని పోయిందనే అనుకున్నాను. అలా అనుకున్న రోజులు బాగుండేవి. భయం, మర్యాద రెండూ ఒకే దండంలో ఉండేవి.

అమ్మమ్మ పోయాక మామ ఎడ్లను అమ్మేశాడు. ట్రాక్టర్ తిరగడానికి గట్టు అడ్డమవుతుందని ఒక ఎండాకాలం జేసీబీ పిలిచాడు. గట్టు చదును చేసే పని సగంలో ఉండగా మామ అన్నానికి ఇంటికి పోయాడు. డ్రైవర్ పరాయి ఊరివాడు. గట్టుతో పాటు పుట్టనూ తోసేశాడు. మామ ఈ సంగతి అమ్మకు ఫోన్‌లో చెప్పలేదు. పంచమి నాడు చెంబు పట్టుకుని పోయిన అమ్మకు చదునైన నేల కనబడింది.

"నేను చెప్పలేదక్కా. నేను బువ్వకు పోయిన. వాడే తోసిండు."

"గాడ పుట్టున్నదని వానికెవరు చెప్పాలె?"

తప్పు తనదని మామకు తెలుసు. తెలిసినందుకే గొంతు పెంచాడు.

"ఒక్క మట్టిగడ్డకు గింత లొల్లేందక్కా?"

అమ్మ చెంబు మీద మళ్లీ కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది. అత్త పిలుస్తున్నా ఆగలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, చాలా దూరం వచ్చాక, ఎదురుగా మామ ఉన్నట్టు, "గా మట్టిగడ్డ నీ కండ్లురా" అంది. ఇంటికొచ్చేసరికి చెంబులో పాలు విరిగిపోయాయి.

ఆ తర్వాత అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. అత్త ఫోన్ చేస్తే అమ్మ అందరి బాగోగులూ అడిగేది, ఒక్క మనిషివి తప్ప. ఆ ఒక్క మనిషి గురించి అత్తే తనంతట తాను చెప్పేవరకు ఫోన్ పెట్టేది కాదు.

పంచమి మాత్రం ఆపలేదు. సిద్దిపేటలోనే, కోమటి చెరువు వైపు ఒక చిన్న గుడి వెనక పుట్ట ఉంది. చుట్టూ ఇనుప జాలీ. ఆడవాళ్లు వరుసలో నిలబడి, పాల ప్యాకెట్లు పంటితో చింపి పోస్తారు. పుట్ట చుట్టూ ప్లాస్టిక్ కవర్లు. అమ్మకు అది నచ్చేది కాదు. "నాగన్న గూడ కిరాయికి ఉన్నట్టున్నడు ఈడ" అని గొణిగేది. అయినా పోయేది. ప్యాకెట్ పాలు మాత్రం పోసేది కాదు. మా గోడ పక్కింటామె, అక్క అన్నట్టు అందరం ఆపా అని పిలుస్తాం, బర్రెలు పెట్టుకుని గల్లీకంతా పాలు పోస్తుంది. వాళ్లు ముసల్మానులు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, మాతో తెలుగు. పంచమి పొద్దున అడగకముందే ఆపా చెంబు కడిగి, పిండిన పచ్చిపాలు నింపి, గోడ మీద పెట్టేది. "అక్కా, మీ నాగన్నకు సలాం చెప్పు" అనేది నవ్వుతూ. అమ్మ చెప్పేది కూడా. నేను విన్నాను.

గుడి నుంచి వచ్చాక చెంబులో కొంచెం పాలు మిగిలి ఉండేవి. వాటిని తులసి కుండీలో పోస్తుందనుకున్నాను. నా ధ్యాస ఎప్పుడూ బడికి లేటవుతుందనే దాని మీదే ఉండేది.

ఒక ఆదివారం అత్త ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి ఉంది. "మీ తమ్మునికి సూపు ఆనుతలేదు వదినా. సుగర్ ఉండె గద, ఇప్పుడు పొర గూడ కమ్మిందట. నిన్న గడప కానక పడ్డడు. సిద్దిపేటల ఆపరేషన్ చేయించాలంటున్నరు."

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఎంతకూ రాలేదు. నేను పోయి చూస్తే, అల్మారా తెరిచి కింద కూర్చుని ఉంది. ఒళ్లో పాత ఆల్బమ్. మామ పెండ్లి ఫోటో బయటికి తీసి ఉంది. బాసింగం కట్టుకున్న మామ, పక్కన అక్కగా అమ్మ, నిండుగా నవ్వుతూ. ఫోటోలో మామ ముఖం ఉంది, మీసాలు ఉన్నాయి, కండ్లు లేవు. కండ్లున్న చోట కాగితం తెల్లగా లేచి ఉంది.

"ఎవరు ఖరాబు చేసిన్రే దీన్ని?" అన్నాను.

"నేనే."

మిగిలిన పాలు తులసిలోకి పోలేదు. పంచమి పంచమికి అమ్మ ఆ ఫోటో తీసి, బొటనవేలు పాలలో ముంచి, మామ కండ్లు కడిగింది. మనిషి మీద కోపం, మొక్కు మీద కాదు. మొదటి ఏడు కొంచెం మసకబారిందట. మరుసటేడు ఇంకొంచెం. పాలకు రంగు నానింది, వేలికి ఊడి వచ్చింది. ఆమె గమనించే ఉంటుంది. గమనించీ ఆపలేకపోయింది, ఆపితే ఆ ఏడు కండ్లు కడగనట్టు అవుతుంది కదా.

"కడిగిన. ఏటేటా కడిగిన. కడిగి కడిగి నేనే తుడిచేసిన బిడ్డా వాని కండ్లు."

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఫోటో కాగితం మీద రంగు ఎట్లా ఉంటుందో, పాలు తగిలితే ఏమవుతుందో, సుగర్ వల్ల కండ్లకు ఏం వస్తుందో, పొర ఈ వయసులో ఎంతమందికి వస్తుందో. బడిలో కూడా అంత బాగా ఎన్నడూ చెప్పి ఉండను. ఆమె అంతా విని, ఫోటోలో ఆ తెల్లటి చోటును వేలితో తడిమింది. నాకు మామ మీద కోపం వచ్చింది, అమ్మ మీద కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

గోడ మీదుగా సంగతి విన్న ఆపా ఊరుకోలేదు. "తమ్మునితోని లొల్లి పెట్టుకొని ఫోటోతోని మాట్లాడుతున్నవా అక్కా? అరె, ఫోన్ చెయ్యి." అమ్మ చెయ్యలేదు. ఇది పంతం కాదని నాకు తెలుసు. భయం. ఆపరేషన్ రోజు కూడా నన్నే పంపింది. దవాఖానలో మామ కంటికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని, "అక్క వచ్చిందా?" అన్నాడు. రాలేదన్నాను. "మంచిది" అని గోడ వైపు తిరిగాడు. ఇంటికొచ్చాక, చూపు వస్తుందట కదా అని అమ్మ అడిగింది. వస్తుందన్నారని చెప్పాను. వచ్చేదాకా నమ్మేటట్టు లేదు.

ఆ తర్వాతి వారమే పంచమి. అమ్మ జాలీ పుట్టకు పోయి అప్పుడే వచ్చింది. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. గేటు చప్పుడైంది. మామ, వెనక అత్త. మామ ముఖం మీద దవాఖానలో ఇచ్చిన పెద్ద నల్లద్దాలు. చెకప్‌కు వచ్చారట. మామ వాకిట్లో ఆగిపోయాడు. పిలవనిదే లోపలికి వచ్చే ధైర్యం లేదు.

"అక్కా. పండుగ గద. కడుగవా?"

అమ్మ చెంబు గట్టిగా పట్టుకుంది. నేను ఇద్దరి మధ్యకు పోయి నిలబడ్డాను. "చుక్క నీళ్లు గూడ తగలొద్దన్నడు డాక్టర్. నెల దాక తలకు తానమే లేదు. ఏం మామా, నీకు చెప్పలేదా?"

"అక్క చేతి పాలకు ఏం కాదు."

"అయితది!" అని నేను అరిచాను. ఆ క్షణంలో నేను ఎంత చెడ్డదాన్నో నాకే తెలుసు.

అమ్మే వెనక్కి తగ్గింది. "వద్దు తమ్మీ. నా చెయ్యి మంచిది కాదు." లోపలికి పోయి ఫోటో తెచ్చి మామ చేతిలో పెట్టింది. ఏం చేసిందో తనే చెప్పింది, ఒక్క మాట దాచకుండా, నేల వైపు చూస్తూ. మామ ఫోటోను దగ్గరికి పట్టుకున్నాడు, దూరం పట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"పెండ్లినాడే నల్లద్దాలు పెట్టుకోవాల్సిందక్కా. గీ బాధ తప్పుతుండె."

అమ్మ నవ్వలేదు. అప్పుడు మామ ఆమె ముఖం వైపు వంగి చూశాడు.

"ఫోటోల పోతే పోయినయి. ఇవి ఉన్నయి సూడు. నీ ముక్కుపుల్ల కనబడుతుంది. నెత్తి గూడ కనబడుతుంది. గింత ఎప్పుడు నెరిసిందక్కా?"

అప్పటిదాకా బిగబట్టుకున్న అమ్మ అక్కడ ఏడ్చింది. మామ భుజం మీది కండువా కొస ముడి విప్పాడు. అందులో పిడికెడు ఎర్రమట్టి, ఇంకా తడిగా ఉంది.

"పుట్ట మల్ల లేసింది. ఆ ఏడే లేసుడు సురువైంది. గాడ నేను పత్తి పెట్టలే. ట్రాక్టర్ సుట్టు తిప్పుకొని పోతున్న. నీకు చెప్పుదమనుకున్న గని..."

"గని?"

"మట్టిగడ్డ అన్న నోరు గద."

లోపల రాణి చెద బతికి ఉంటే చెదలు పుట్టను మళ్లీ కట్టుకుంటాయి. నాకు ఆ పాఠం మొత్తం వచ్చు. మొదటిసారి నా నోరు ఊరుకుంది.

అమ్మ కండ్లు తుడుచుకుంది. పీట తెచ్చి వేసింది. మామ కూర్చున్నాడు. "కండ్లు మూసుకో" అని, ఎండ పడకుండా నా చున్నీ అడ్డం పట్టమంది. ఆయన ముఖం మీది నల్లద్దాలు మెల్లగా తీసింది. మోకాళ్ల మీద కూర్చుని, వాటిని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు పాలలో ముంచింది. ముక్కు దగ్గర నుంచి చెవి వైపు, మునుపు రెప్పల మీద రాసినట్టే, ముందు ఒక అద్దం, తర్వాత రెండో అద్దం. లోపల ఒకసారి, బయట ఒకసారి. "కండ్లు సల్లగుండాలె తమ్మీ." ఆ మాట విని చాలా ఏళ్లయింది. కారే పాలు పోయేదాకా అద్దాలను పట్టుకుని ఉండి, ఆరాక తనే మామకు పెట్టింది. కండువాలోని మట్టి ఇంత తీసి నుదుట బొట్టు పెట్టింది.

"సబ్బు తెచ్చుకోలేదక్కా" అన్నాడు మామ.

"నోర్మూసుకో" అంది అమ్మ.

సాయంత్రం వాళ్లను బస్టాండులో దింపడానికి నేనే పోయాను. వచ్చే పంచమికి జాలీ దగ్గరికి పోయేది లేదని, కోహెడ బస్సు ఎన్నింటికో కనుక్కొని రమ్మని అమ్మ చెప్పింది. అది కనుక్కున్నాను. మామ బస్సు మెట్టు కోసం కాలితో వెతుకుతున్నాడు. ఎండిన పాలకు అద్దాలు రెండూ తెల్లగా మసకబారి ఉన్నాయి. ఆపరేషన్‌తో వచ్చిన చూపుకు మా అమ్మ మళ్లీ తెర కట్టింది.

"ఇటియ్యి మామా, తుడిచిస్త. మెట్టు గూడ కనబడుతలేదు నీకు."

మామ రెండు చేతులూ అద్దాలకు అడ్డం పెట్టుకున్నాడు.

"ముట్టకు బిడ్డా. ఇల్లు చేరేదాక ఉండనియ్యి."